ఇంట్లో ఎలక్ట్రానిక్ ఎలుకల బోను: అమర్చడం, వాడడం, శుభ్రపరచడంపై సమగ్ర మార్గదర్శి

ఎలక్ట్రానిక్ బోను కొన్నవారు పదేపదే రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. లైటు వెలుగుతున్నా ఎలుక ఎందుకు పడడం లేదన్నది మొదటిది. పడిన తర్వాత లోపల ఎలా శుభ్రం చేయాలి, నీళ్లతో కడగవచ్చా అన్నది రెండవది. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ ముడి ఒకచోటే ఉంది. బోను లోపలి లోహపు పలకల మీద ఎలుక పాదాలు సరిగా ఆనితేనే ఈ పరికరం పనిచేస్తుంది; ఆ పలకలు పొడిగా, జిడ్డు లేకుండా ఉంటేనే పాదాలు సరిగా ఆనుతాయి. శుభ్రపరచడాన్ని నిర్లక్ష్యం చేసిన ఇంట్లో ఎంత ఖరీదైన బోనైనా కొద్ది వారాల్లోనే మూలపడుతుంది.

ఈ వ్యాసంలోని అంచెలను ఇచ్చిన వరుసలోనే పాటించండి. ముఖ్యంగా 2, 3 అంచెలను దాటవేసి నేరుగా ఎర పెట్టవద్దు.

1. బోను పనిచేసే తీరు

ఎలక్ట్రానిక్ బోను సొరంగంలా ఉండే చిన్న ప్లాస్టిక్ పెట్టె. ఒక చివర ఎలుక లోపలికి వచ్చే దారి, మరో చివర ఎర పెట్టే చోటు, వాటి మధ్య నేలకు పరిచిన రెండు లేదా మూడు లోహపు పలకలు ఉంటాయి. ఎర వాసనకు లోపలికి నడిచిన ఎలుక రెండు పలకల మీద ఒకేసారి కాళ్లు మోపగానే దాని శరీరం మీదుగా సర్క్యూట్ పూర్తవుతుంది. సెల్స్ ఇచ్చే ఆరు వోల్టులను పరికరం కొన్ని వేల వోల్టులకు పెంచి, మోడల్‌ను బట్టి కొన్ని సెకన్ల నుంచి రెండు నిమిషాల దాకా ఆ పలకలకు పంపుతుంది.

ఈ ఒక్క విషయం అర్థమైతే తర్వాత చెప్పే సూచనలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. పలకల మధ్య తడి గాని, ఉప్పు గాని, ఎర ముక్క గాని పడితే ఎలుక రాకుండానే సర్క్యూట్ కలిసి సెల్స్ ఖాళీ అవుతాయి. పలకల మీద నూనె జిడ్డు పేరుకుంటే పాదం ఆనినా కరెంటు పూర్తిగా పారదు. షాక్ బలహీనపడి, ఎలుక గాయంతో తప్పించుకుంటుంది. అలా ఒకసారి తప్పించుకున్న ఎలుక మళ్లీ ఆ పెట్టె దగ్గరకు రావడం చాలా అరుదు.

మూత తెరవగానే కరెంటు ఆగిపోయే రక్షణ స్విచ్ చాలా మోడళ్లలో ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో చూడాలన్న ఉబలాటంతో ఆ స్విచ్‌ను టేపుతో అదిమిపెట్టడం ప్రమాదకరం. వేలు తగిలితే షాక్ గట్టిగానే కొడుతుంది.

బజారులో ఎలక్ట్రానిక్ పేరుతోనే దొరికే ప్లగ్గు పరికరాలు వేరు. అవి ఎలుకలకు మాత్రమే వినిపించే శబ్దంతో వాటిని తరిమేస్తాయని అమ్ముతారు. ఆ ప్రచారానికి తగిన శాస్త్రీయ ఆధారం చూపాలని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే అరవైకి పైగా తయారీదారులకు, విక్రేతలకు హెచ్చరిక లేఖలు పంపింది. ఆ పరికరాల మీద డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

మరొక మాట గట్టిగా చెప్పాలి. ఇంటి 230 వోల్టుల కరెంటుకు తీగలు కలిపి ఎలుకల కోసం సొంతంగా బోను తయారు చేయకూడదు. సెల్స్‌తో నడిచే బోనులో కరెంటు పరిమాణం చాలా తక్కువ, అది కొద్దిసేపటికే ఆగిపోతుంది. ఇంటి లైను నుంచి తీసిన తీగ అలా ఆగదు; దాన్ని తాకితే మనిషి ప్రాణమైనా పోవచ్చు.

2. తిరుగుతున్నది ఏదో ముందు తేల్చుకోండి

బోనులు రెండు పరిమాణాల్లో దొరుకుతాయి. చిట్టెలుకల బోను చిన్నది, పెద్ద ఎలుకల బోను దానికన్నా పొడవు, వెడల్పు ఎక్కువ. చిన్న బోనులో పెద్ద ఎలుక పట్టదు. పెద్ద బోనులో చిట్టెలుక పడవచ్చు గానీ, పలకల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే ఒకే పలక మీద నడిచి ఎర తినేసి పోతుంది. కాబట్టి కొనే ముందే ఆనవాళ్లు చూడాలి.

పెంటికలు అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు. బియ్యపు గింజంత ఉండి, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల పొడవుతో కొసలు సన్నగా ఉంటే అవి చిట్టెలుకవి. సెంటీమీటరు దాటి, రెండు సెంటీమీటర్ల దాకా లావుగా ఉంటే పెద్ద ఎలుకవి. నల్లగా మెరుస్తూ మెత్తగా ఉన్నవి తాజావి. బూడిద రంగుకు మారి, పుల్లతో తాకితే పొడి అయ్యేవి పాతవి. పాత పెంటికలు మాత్రమే కనిపించే చోట బోను పెట్టడం వృథా.

చుంచు విషయంలో చాలామంది పొరబడతారు. పొడవాటి ముక్కు, చిన్న కళ్లు, ఘాటైన వాసన ఉండి గోడవారనే కిచకిచమంటూ పరుగెత్తేది చుంచు. అది ఎలుక జాతి కాదు. బొద్దింకలను, పురుగులను తిని బతుకుతుంది. బియ్యపు బస్తాను కొరికేది అది కాదు కాబట్టి, దాని కోసం వేరుశనగ ఎరతో బోను పెట్టి ఎదురుచూడడంలో అర్థం లేదు. తలుపు కింది సందు మూస్తే దాని రాకపోకలు ఆగుతాయి. ఇక పెరట్లో కలుగులు తవ్వే, కిలో దాకా తూగే పెద్ద పందికొక్కు ఈ బోనుల్లో దేనిలోనూ పట్టదు. దానికి గట్టి ఇనుప బోనే కావాలి.

ఆనవాళ్లు స్పష్టంగా లేకపోతే ముగ్గుపిండితో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. రాత్రి పడుకునే ముందు గ్యాస్ బండ వెనక, ఫ్రిజ్ పక్కన, సింకు కింద, గోడవారన జానెడు వెడల్పున పలుచగా పిండి చల్లండి. తెల్లవారి టార్చిలైటును నేలకు సమాంతరంగా పట్టుకుని చూస్తే, నాలుగు వేళ్ల చిన్న ముద్రలు, వాటి మధ్య తోక ఈడ్చిన సన్నని గీత కనిపిస్తాయి. గీత ఏ వైపు నుంచి ఏ వైపుకు సాగిందో గుర్తుపెట్టుకోండి. బోను మూతి ఎటు తిప్పాలో ఆ గీతే చెబుతుంది.

3. బోను పెట్టే ముందు ఇంటిని సిద్ధం చేయడం

వంటింట్లో తిండి దొరుకుతున్నంత కాలం ఎరకు విలువ ఉండదు. రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో వదిలేసి, బియ్యపు బస్తా మూతి తెరిచి ఉంచి, బఠాణీ గింజంత ఎరకు ఎలుక రావాలని ఆశించడం సరికాదు. బోను పెట్టడానికి కనీసం ఒక రోజు ముందు ఈ పనులు పూర్తి చేయండి.

- బియ్యం, పప్పులు, పిండి, బెల్లం గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాల్లోకి, డ్రమ్ముల్లోకి మార్చాలి. పలుచని ప్లాస్టిక్ డబ్బాను ఎలుక కొరికేస్తుంది.
- రాత్రి చెత్తబుట్ట ఖాళీ చేసి మూత పెట్టాలి.
- కుక్కకు, పిల్లికి పెట్టిన తిండి గిన్నెలు రాత్రి తీసేయాలి.
- పూజ గదిలో కొబ్బరి చిప్పలు, అటుకులు, నూనెలో తడిసిన వత్తులు రాత్రంతా ఉంచకూడదు. వెలుగుతున్న వత్తిని ఎలుక లాక్కుపోతే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.
- నేల మీద పేర్చిన పాత పేపర్లు, అట్టపెట్టెలు తీసేయాలి. ఎలుకలు గూడు కట్టుకునేది వాటిలోనే.

ఇంతకు ముందు ఎలుకల మందు పెట్టి ఉంటే మిగిలినదంతా వెతికి తీసేయండి. మందు తిన్న ఎలుక బోను దాకా రాకుండా అటక మీదో, ఫాల్స్ సీలింగులోనో చచ్చి కంపు కొడుతుంది. ముఖ్యంగా పసుపు భాస్వరం ఉండే పేస్టు మందును పిల్లలున్న ఇంట్లో ఉంచనే కూడదు. టూత్‌పేస్టు గొట్టంలా కనిపించే ఆ మందు కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఆ పేస్టు వల్ల ఎన్నో ప్రాణాలు పోయాయి. జిగురు అట్టల మీద ఎలుక గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బాధపడి చస్తుంది కాబట్టి వాటినీ నేను సిఫారసు చేయను.

కన్నాలు మూయడం గురించి ఒక జాగ్రత్త ఉంది. బోనులు పెట్టక ముందే అన్ని కన్నాలూ మూసేస్తే లోపలున్నవి లోపలే చిక్కుకుని కొత్త దారులు కొరుకుతాయి. ముందు బోనులు పెట్టి, ఎలుకల సందడి తగ్గిన తర్వాత కన్నాలు మూయడం మంచి పద్ధతి.

4. సెల్స్ వేయడం

చిట్టెలుకల బోనుల్లో ఎక్కువ వాటికి నాలుగు ఏఏ సెల్స్ పడతాయి. పెద్ద ఎలుకల బోనులకు మోడల్‌ను బట్టి అంతకన్నా లావు సెల్స్ కావాలి. కిరాణా కొట్లో గోడ గడియారానికి కొనే చవక జింక్ సెల్స్ దీనికి చాలవు. ఆల్కలైన్ సెల్స్ అని అట్ట మీద రాసి ఉన్నవే వేయండి. రీచార్జబుల్ సెల్ ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టుకు బదులు 1.2 వోల్టులే ఇస్తుంది. నాలుగు కలిపితే ఆరు వోల్టులు రావలసిన చోట 4.8 వోల్టులే వస్తాయి కాబట్టి, తయారీదారు వాడవచ్చని స్పష్టంగా రాస్తే తప్ప వాటిని వేయకూడదు.

నాలుగు సెల్స్ ఒకేసారి కొత్తవి వేయాలి. రెండు పాతవి, రెండు కొత్తవి కలిపితే పాతవి కారిపోయి స్ప్రింగులు తుప్పు పడతాయి. వేసిన తర్వాత స్విచ్ ఆన్ చేసి లైటు ఒకసారి వెలిగి ఆరిందో లేదో చూసి, మళ్లీ ఆఫ్ చేయండి. ఒక్కో కంపెనీ లైటుకు ఒక్కో అర్థం పెడుతుంది. పచ్చ లైటు మెరిస్తే ఎలుక పడినట్టు, ఎర్ర లైటు మెరిస్తే సెల్స్ అయిపోయినట్టు అనేది ఎక్కువగా కనిపించే పద్ధతి అయినా, మీ బోనుతో వచ్చిన కాగితంలో ఏముందో చదివి, ఆ రెండు వాక్యాలను పెట్టె అడుగున చీటీగా అంటించుకుంటే ఇంట్లో అందరికీ పనికొస్తుంది.

5. ఎర పెట్టడం

స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడే ఎర పెట్టాలి. పరిమాణం బఠాణీ గింజంత చాలు. ఎక్కువ పెడితే వాసన దూరం వ్యాపిస్తుందన్నది అపోహ. ఎక్కువ పెట్టినందువల్ల పలకల మీదికి కారడం, చీమలు పట్టడం మాత్రం ఖాయం.

చిట్టెలుకకు వేరుశనగ వెన్న బాగా పనిచేస్తుంది. అది లేకపోతే వేయించిన వేరుశనగ పలుకులు నాలుగైదు మెత్తగా నూరి ముద్ద చేయండి. నిప్పుల మీద కాల్చిన ఎండుకొబ్బరి ముక్క వాసన బలంగా ఉంటుంది, త్వరగా పాడవదు, చీమలు కూడా తక్కువ పడతాయి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన ఎర అదే.

పెద్ద ఎలుకకు కొబ్బరితో పాటు మసాలా వడ ముక్క, పకోడీ ముక్క బాగుంటాయి. ఎండుచేపలకు ఎలుకలు తప్పక వస్తాయి గానీ, వాటిలోని ఉప్పు గాలిలోని తేమను పీల్చి నీరు కారుస్తుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో, వానాకాలంలో ఎండుచేపను బోనులో వాడకపోవడమే మంచిది. ఉప్పునీటి చుక్క పలకల మధ్య పడితే తెల్లారేసరికి సెల్స్ ఖాళీ అవుతాయి. టమాటా, ఉల్లి వంటి తడి ముక్కలకూ ఇదే లోపం ఉంది.

ఎరను ఇయర్ బడ్‌తో గాని, అగ్గిపుల్లతో గాని, వెనక వైపు ఎర కోసం కేటాయించిన చోట మాత్రమే అద్దాలి. ముందు నుంచి చెయ్యి దూర్చి పెడితే పలకలకు నూనె అంటుతుంది. పెట్టాక టార్చి వేసి, చివరి పలకకు ఎరకు మధ్య ఖాళీ ఉందో లేదో చూడండి. చేతులకు గ్లౌజులు వేసుకోవడం మన చర్మం వాసన అంటకుండా కన్నా ఎలుకల మలమూత్రాల నుంచి మనల్ని కాపాడుకోవడానికే ఎక్కువ అవసరం.

వానాకాలంలో రెండు రోజులకు, మిగతా కాలంలో మూడు నాలుగు రోజులకు ఎర మార్చాలి. బూజు పట్టిన ఎరను ఎలుక ముట్టదు.

6. చోటు ఎంచుకోవడం

బోను పడడం, పడకపోవడం ఎక్కువగా చోటు మీదే ఆధారపడి ఉంటుంది. ఎలుకలు గది మధ్యలో నడవవు. మీసాలు, పక్క వెంట్రుకలు గోడకు రాసుకుంటూ అలవాటైన దారినే వెళ్తాయి. అందువల్ల బోనును గోడకు ఆనించి, మూతి ఎలుక వచ్చే దిశకు తిప్పి పెట్టాలి. ముగ్గుపిండి పరీక్షలో గీత రెండు వైపులా కనిపిస్తే రెండు బోనులను వీపులు కలిపి, మూతులు చెరొక వైపుకు ఉండేలా అమర్చవచ్చు.

చిట్టెలుక గూటి నుంచి సాధారణంగా మూడు నుంచి పది మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే వంటింట్లో పెంటికలు ఉంటే హాల్లో బోను పెట్టి లాభం లేదు. చిట్టెలుకలకు రెండు మూడు మీటర్లకు ఒక బోను, పెద్ద ఎలుకలకు అయిదారు మీటర్లకు ఒకటి చొప్పున ఉంటే పని త్వరగా తెములుతుంది. ఒకే బోను ఉంటే రోజూ చోటు మార్చకుండా, పెంటికలు ఎక్కువ ఉన్నచోట కనీసం మూడు రాత్రులు కదపకుండా ఉంచండి.

తెలుగు ఇళ్లలో ఎక్కువ ఫలితం ఇచ్చే చోట్లు ఇవి:

- గ్యాస్ బండ వెనక మూల
- ఫ్రిజ్ మోటారు పక్కన (అక్కడ వెచ్చగా ఉంటుంది)
- సామాన్ల గదిలో బియ్యపు డ్రమ్ము వెనక
- అటక మీద గోడవారన, పైపు లోపలికి వచ్చే కన్నం దగ్గర
- వాషింగ్ మెషిన్ వెనక, నేల పూర్తిగా పొడిగా ఉంటేనే

సింకు కింద పెట్టదలిస్తే ముందు పైపు కారడం లేదని చూసుకోండి. బాత్రూమ్, బాల్కనీ, పెరడు ఈ బోనుకు తగిన చోట్లు కావు. తడి తగిలితే పరికరం పాడవుతుంది. పైగా ఆరుబయట పగటిపూట ఉడుతలు పడతాయి. కిటికీలు తెరిచి ఉండే ఇంట్లో పగలు స్విచ్ ఆఫ్ చేసి, రాత్రి మాత్రమే ఆన్ చేయడం మంచిది.

పాకే పిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే బోనును ఫ్రిజ్ వెనకకో, బరువైన బల్ల కిందికో జరిపి, చెయ్యి అందకుండా చూడాలి.

7. స్విచ్ వేసే ముందు అలవాటు చేయడం

చిట్టెలుకకు కొత్త వస్తువంటే కుతూహలం. మొదటి రాత్రే వచ్చి చూస్తుంది కాబట్టి బోనును వెంటనే ఆన్ చేయవచ్చు.

పెద్ద ఎలుక అలా కాదు. తన దారిలో కొత్త వస్తువు కనిపిస్తే కొన్ని రోజుల పాటు దానికి దూరంగా తిరుగుతుంది. దానికోసం మూడు నుంచి అయిదు రాత్రులు స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, మొదట మూతి ముందు, తర్వాత లోపలి అంచున, చివరికి ఎర చోట కొద్దికొద్దిగా ఎర పెట్టండి. రెండు రాత్రులు వరుసగా లోపలి ఎర మాయమైతే మూడవ రాత్రి ఆన్ చేయండి. తొందరపడేవారు ఈ అంచెనే వదిలేస్తారు. పెద్ద ఎలుక పడకపోవడానికి అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం ఇదే.

పడుకునే ముందు చూసుకోవలసినవి:

- పలకలు పొడిగా ఉన్నాయా
- ఎర పలకలకు తగలకుండా ఉందా
- వెనక భాగం గోడకు ఆనిందా, బోను ఊగకుండా ఉందా
- ఆన్ చేసినప్పుడు లైటు సరిగా వెలిగి ఆరిందా
- వంటింట్లో మరే తిండీ బయట లేదా

ఉదయం లేవగానే, ఇల్లు ఊడవక ముందే లైటు చూడాలి.

8. చచ్చిన ఎలుకను తీయడం

ఎలుకను ఎక్కువసేపు లోపల వదిలేయకూడదు. శరీరం చల్లబడగానే దాని ఒంటి మీది గోమార్లు కొత్త ఆశ్రయం కోసం బయటికి వస్తాయి. మన వేసవిలో కొన్ని గంటల్లోనే శరీరం కుళ్లడం మొదలై, కారిన నీరు పలకల కిందికి దిగితే బోను బాగుచేయడం కష్టం.

వరుస ఇలా ఉండాలి:

1. మాస్కు, రబ్బరు గ్లౌజులు వేసుకుని కిటికీ తెరవండి.
2. స్విచ్ ఆఫ్ చేయండి. ఆన్‌లో ఉండగా లోపలికి చెయ్యి పెట్టవద్దు.
3. ఎలుక కదలడం లేదని టార్చితో చూసి నిర్ధారించుకోండి. కదులుతుంటే మూత తెరవకుండా మళ్లీ ఆన్ చేయండి. సెల్స్ బలహీనమైతే వెంటనే కొత్తవి వేయండి. ప్రాణం ఉన్న ఎలుకను అలా వదిలేసి వెళ్లడం తగదు.
4. మందపాటి పాలిథిన్ కవరులోకి బోను మూతిని వంచి, ఎలుకను నేరుగా కవరులోకి జారవిడవండి. జారకపోతే పనికిరాని పుల్లతో నెట్టండి.
5. కవరు మూతి బిగించి ముడివేసి, రెండవ కవరులో పెట్టి మళ్లీ ముడివేయండి.
6. చెత్తబండి వచ్చినప్పుడు లోపల ఏముందో పారిశుద్ధ్య కార్మికులకు చెప్పి ఇవ్వండి. తడి చెత్త బుట్టలో విడిగా వేస్తే, చేత్తో చెత్త వేరుచేసే కార్మికులకు హాని. పల్లెల్లో అయితే కవరు లేకుండా, బావికి, బోరుకు దూరంగా రెండడుగుల లోతున పూడ్చవచ్చు.

వీధిలోకో, మురుగు కాల్వలోకో విసిరేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. కాకులు, కుక్కలు దాన్ని మళ్లీ ఇంటి గుమ్మం ముందుకే తెస్తాయి.

9. బోనును శుభ్రపరచడం

ఎలుక పడిన ప్రతిసారీ, పడకపోయినా వారానికోసారి ఈ పని చేయాలి. పడని బోనులో కూడా దుమ్ము, నూనె తుంపర, బొద్దింకల మలం పలకల మీద చేరుతుంటాయి.

ముందుగా సెల్స్ తీసి పక్కన పెట్టండి. స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోతుందనుకోవద్దు. తర్వాత పెట్టెను తలకిందులు చేసి, కవరులోకి నెమ్మదిగా తట్టి, వెంట్రుకలు, పెంటికలు రాల్చండి. నోటితో ఊదడం, బ్రష్షుతో విదిలించడం చేయకూడదు. ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది.

ఇప్పుడు టార్చి వేసి పలకలను దగ్గరగా చూడండి. మూత్రం ఎండినచోట తెల్లని పొర, ఎర నూనె పాకినచోట పసుపు రంగు మరక కనిపిస్తాయి. పలకకు పలకకు మధ్య సందులో ఒక వెంట్రుకైనా ఇరుక్కుని ఉంటుంది. శుభ్రం చేయవలసింది ఈ మూడింటినే.

మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మెత్తటి బట్ట మీద వేసి, బట్ట చెమ్మగా ఉండేలా పిండి, పలకలను ఒకే దిశలో తుడవండి. మూలలకు, సందులకు ఇయర్ బడ్ వాడండి. ఎండిన మరక ఒక్కసారికి పోకపోతే చెమ్మ బట్టను దాని మీద అయిదు నిమిషాలు పరిచి ఉంచి మళ్లీ తుడవండి. కత్తితో, స్టీలు పీచుతో గీకితే పలక మీది పూత పోయి, గీతల్లో మురికి నిలుస్తుంది, తుప్పు మొదలవుతుంది.

వాడకూడనివి కూడా చెప్పాలి. బ్లీచింగ్ ద్రావణం లోహాన్ని తినేస్తుంది. హ్యాండ్ శానిటైజర్‌లోని గ్లిజరిన్ జిగురు పొరలా మిగులుతుంది. ఫినాయిల్ ఘాటు రోజుల తరబడి ఉండి ఎర వాసనను మింగేస్తుంది. వీటిలో ఏదీ బోను లోపల వద్దు.

నీళ్ల కుళాయి కింద కడగవచ్చా అన్న ప్రశ్నకు జవాబు పెట్టె నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఎలుక పడే గది విడిగా ఊడివచ్చి, దాన్ని కడగవచ్చని తయారీదారు రాసి ఉంటే ఆ భాగాన్ని మాత్రమే సబ్బునీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి. సర్క్యూట్, సెల్స్ ఉన్న భాగం నీళ్లు తగలకూడనిది. ఊడని పెట్టె అయితే చెమ్మ బట్టే మార్గం.

తుడిచాక మూత తెరిచి ఫ్యాను కింద కనీసం అరగంట ఆరనివ్వండి. ఆల్కహాల్ మండే పదార్థం. అది ఆరక ముందే స్విచ్ వేస్తే నిప్పురవ్వతో అంటుకోవచ్చు. అదే కారణంతో ఈ పనంతా పొయ్యికి, దీపానికి దూరంగా చేయాలి. సెల్స్ స్ప్రింగుల మీద తెల్లని పొడి కనిపిస్తే పొడి బట్టతో తుడిచి, కొత్త సెల్స్ వేయండి.

గ్లౌజులు తీసే ముందు వాటినే సబ్బుతో కడిగి, తీశాక చేతులు మళ్లీ కడుక్కోండి.

10. నేల, అరలు శుభ్రం చేయడం

ఉదయాన్నే చీపురు పట్టి పెంటికలను ఊడ్చేయడం మన ఇళ్లలో అలవాటు. ఆ అలవాటు మార్చుకోవాలి. పొడిగా ఊడ్చినా, వాక్యూమ్ క్లీనర్ పెట్టినా ఎండిన మలమూత్రాల ధూళి గాలిలో లేస్తుంది.

ఒక పాలు బ్లీచింగ్ ద్రవానికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి, అప్పటికప్పుడు తయారుచేసుకున్న ద్రావణంతో ఆ చోటును బాగా తడిపి, అయిదు నిమిషాలు నాననివ్వాలి. తర్వాత పాత కాగితంతోనో, పారేసే బట్టతోనో ఎత్తి కవరులో వేసి, నేలను అదే ద్రావణంతో ఇంకోసారి తుడిచి, చివరికి మంచినీళ్లతో తుడవండి. బ్లీచింగ్‌ను టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గాని, అమోనియా ఉన్న ద్రవాలతో గాని ఎప్పుడూ కలపకూడదు. ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు పుడుతుంది.

కాళ్లకు చెప్పులు ఉండాలి. చేతి మీద, కాలి మీద పుండు ఉంటే ఈ పని వేరొకరు చేయాలి. ఎలుక మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ చర్మం మీది చిన్న గాయం నుంచి కూడా ఒంట్లోకి చేరుతుంది. శుభ్రం చేసిన తర్వాత నెల లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడడం కనిపిస్తే వైద్యుడి దగ్గరకు వెళ్లి, ఎలుకలతో పని పడిందని తప్పక చెప్పండి.

11. తరచుగా వచ్చే సమస్యలు

ఎర పోయింది, ఎలుక పడలేదు. చీమలా, బొద్దింకలా, ఎలుకా అన్నది ముందు చూడండి. పెంటికలు లేకుండా ఎర కొద్దికొద్దిగా తరిగితే అది పురుగుల పని. ఎలుకే తిన్నట్టయితే పలకలు తుడిచి, సెల్స్ మార్చి, ఎరను ఇంకా వెనక గోడకు అద్దండి.

చీమలు పడుతున్నాయి. వేరుశనగ వెన్న మాని కాల్చిన కొబ్బరి వాడండి. చీమల మందు బోను మీద కొట్టవద్దు. ఆ వాసనకు ఎలుక దూరమవుతుంది.

ఏమీ పడకుండానే లైటు మెరుస్తోంది. బల్లి గాని, పెద్ద బొద్దింక గాని పలకల మధ్య పడి ఉండవచ్చు, లేదా తడి చేరి ఉండవచ్చు. సెల్స్ తీసి, తుడిచి, ఆరబెట్టి మళ్లీ పెట్టండి. చాలా మోడళ్లు ఒకసారి షాక్ ఇచ్చాక స్విచ్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసేదాకా పనిచేయవు.

సెల్స్ రెండు మూడు రోజులకే అయిపోతున్నాయి. జింక్ సెల్స్ వాడారేమో చూడండి. కాకపోతే పలకల మధ్య సన్నని ఉప్పు పొర ఉన్నట్టే. పైన చెప్పిన పద్ధతిలో సందులు శుభ్రం చేయండి.

ఒకటి పడి ఆగిపోయింది, అలికిడి మాత్రం ఉంది. చిట్టెలుక మూడు వారాల్లో ఈని, ఈతకు అయిదారు పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు ఆరు వారాలకే ఈనే వయసుకు వస్తాయి. కాబట్టి ఒకటి పడగానే బోను తీసేయకుండా, ఎర మార్చి, దారికి ఎదురు వైపు కూడా ఒకటి పెట్టండి.

12. ఎప్పుడు ఆపాలి, ఎలా దాచాలి

వరుసగా రెండు వారాలు ఎలుక పడక, ముగ్గుపిండి మీద ముద్రలు కనిపించకపోతే ఇల్లు ఖాళీ అయినట్టు భావించవచ్చు. కన్నాలు మూయవలసిన సమయం అదే. ఆరు మిల్లీమీటర్ల సందులో చిట్టెలుక, పన్నెండు మిల్లీమీటర్ల సందులో పెద్ద ఎలుక పిల్ల దూరగలవు. ఏసీ పైపు చుట్టూ, గ్యాస్ పైపు చుట్టూ స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. ఒట్టి గుడ్డలు, థర్మోకోల్ కుక్కితే ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. నీళ్లు పోయే తూములకు సన్నకళ్ల ఇనుప జాలీ, తలుపు అడుగున రేకు పట్టీ బిగించాలి.

బోనును దాచే ముందు 9వ అంచె ప్రకారం శుభ్రం చేసి, సెల్స్ తీసి, ఎర చోటును ప్రత్యేకంగా తుడవండి. అక్కడ మిగిలిన నూనెకు పురుగులు పడతాయి. ఒక పొడి కవరులో చుట్టి, వంట సామాన్లకు దూరంగా, పిల్లలకు అందని అరలో పెట్టండి. వానాకాలం మొదట్లో, పల్లెల్లో అయితే వరి కోతలయ్యాక పొలాల్లోని ఎలుకలు ఇళ్ల వైపు మళ్లే రోజుల్లో, బోనును ఒకసారి బయటికి తీసి కొత్త సెల్స్ వేసి లైటు చూసి, మొదటి పెంటిక కనిపించిన రాత్రే గోడవారన పెట్టండి.